పికప్ వాహనానికి ఎత్తు పెంపు, పెద్ద టైర్లు: చెన్నైకి వెళ్లే ముందు తెలుసుకోవలసిన సంగతులు

తడ, సూళ్లూరుపేట, సత్యవేడు, నాగలాపురం పరిసరాల వ్యవసాయ కుటుంబాలలో ఒకనాటి ఎద్దులబండి స్థానాన్ని నేడు పికప్ వాహనం ఆక్రమించింది. తెల్లవారక ముందే పూలు, కూరగాయలు చెన్నై కోయంబేడు మార్కెట్టుకు చేర్చేది అదే. మామిడి కాలంలో కాయలు మోసేదీ అదే. జాతీయ రహదారిపై నునుపుగా సాగిన ఆ బండి ఊరి మలుపు తిరగగానే చెరువుకట్టలు, ట్రాక్టర్లు తొక్కిన గాడులు, వానకు కోసుకుపోయిన వాగు దారులు ఎదుర్కోవలసి వస్తుంది. గాడి మధ్యనున్న దిబ్బ వెనుక ఇరుసును రాసుకున్న ప్రతిసారీ ‘బండి కాస్త ఎత్తు లేపించి, పెద్ద టైర్లు వేయిస్తే పోతుంది కదా’ అన్న ఆలోచన యజమానికి కలగడం సహజం. ఆ పనికి చెన్నై చేరువలోనే ఉంది. ఉపకరణాలకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాత విడిభాగాలకు పుదుపేట ఏనాటి నుండో పేరు పడ్డాయి.

పికప్‌లకూ టైర్లకూ ఈ సరిహద్దు ప్రాంతం కొత్త కాదు. మద్రాసు రబ్బర్ ఫ్యాక్టరీగా పేరొందిన ఎం.ఆర్.ఎఫ్. 1946లో తిరువొత్తియూరులో బొమ్మల బెలూన్లతో మొదలై తరువాతి కాలంలో టైర్ల సంస్థగా ఎదిగింది. చెన్నైకి దాదాపు 55 కిలోమీటర్ల దూరంలోని శ్రీసిటీలో ఇసుజు సంస్థ 2016లో కర్మాగారాన్ని ప్రారంభించి, డి-మ్యాక్స్ వి-క్రాస్ అనే నాలుగు చక్రాల చోదకం గల పికప్‌ను అక్కడ నుండే విపణిలోకి తెచ్చింది. వరదయ్యపాళెం మండలం చిన్నపాండూరులో అపోలో టైర్ల కర్మాగారం 2020లో ఉత్పత్తి ఆరంభించింది. అంటే బండీ, టైరూ మన పొలిమేరలోనే పుడుతున్నాయి. వాటిని మార్చే విద్యను గురించి మాత్రం సరైన సమాచారం తక్కువ.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవలసి ఉంటుంది. సస్పెన్షన్ ఎత్తు పెంచినంత మాత్రాన వెనుక ఇరుసు నేల నుండి పైకి లేవదు. పికప్‌ల వెనుక భాగాన కమాను కట్టలపై నిలిచిన గట్టి ఇరుసు, దాని నడుమ గుండ్రని హౌసింగ్ ఉంటాయి. చక్రాలు, ఇరుసు ఒకటిగా కలిసి ఉన్నందున కమానుల కింద ఏ దిమ్మె పెట్టినా ఛాసిస్, బాడీ, తొట్టి మాత్రమే పైకి పోతాయి. హౌసింగ్ ఉన్నచోటనే ఉంటుంది. దాని ఎత్తు పెరగాలంటే టైరు వ్యాసం పెరగడం ఒక్కటే మార్గం. గాడి మధ్య దిబ్బ తగిలేది సాధారణంగా ఈ హౌసింగే గనుక, వేలకు వేలు పోసి స్ప్రింగులు మార్చినవారు అదే దిబ్బ వద్ద మళ్లీ అదే శబ్దం విని నిరాశ చెందడంలో వింత లేదు. సస్పెన్షన్ లిఫ్ట్ వల్ల నిజంగా కలిగే లాభాలు వేరు. బండి ముందు, వెనుక అంచులు గట్టులకు తగలకుండా ఉంటాయి, ఛాసిస్ నడుమ భాగం దిబ్బను దాటుతుంది, పెద్ద టైరు మడ్‌గార్డును రాయకుండా తిరగడానికి చోటు దొరుకుతుంది.

ఇక టైరు లెక్క. ఉన్నత పాఠశాల గణితం తెలిసినవారెవరైనా దీనిని కాగితంపై వేసుకోవచ్చు. టైరు పక్కన 245/70 ఆర్ 16 అని ఉంటే, 245 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు. పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, అనగా 171.5 మి.మీ.; 16 అనేది రిమ్ము వ్యాసం అంగుళాలలో, అనగా 406.4 మి.మీ. పక్కగోడ పైనా కిందా ఉంటుంది గనుక మొత్తం వ్యాసం 749.4 మి.మీ. దీని బదులు 265/70 ఆర్ 16 వేస్తే వ్యాసం 777.4 మి.మీ.; 265/75 ఆర్ 16 వేస్తే 803.9 మి.మీ. అయితే పెరిగిన వ్యాసంలో సగమే ఇరుసు కిందకు వస్తుంది. మొదటి మార్పుకు లభించేది 14 మి.మీ.; రెండవదానికి దాదాపు 27 మి.మీ., అంటే అంగుళం కంటే కొంచెం ఎక్కువ. అంత ఖర్చుకూ దక్కేది ఈ ఒక్క అంగుళమే.

ఆ అంగుళానికి చెల్లించే మూల్యమూ ఈ లెక్కలోనే ఉంది. రెండవ టైరు చుట్టుకొలత సుమారు 7 శాతం ఎక్కువ. అందువల్ల స్పీడోమీటరు 60 చూపినప్పుడు బండి నిజానికి 64 కిలోమీటర్లకు పైగా పోతుంది. వేయి కిలోమీటర్లు తిరిగినా మీటరులో 932 మాత్రమే పడుతుంది. ‘మైలేజీ బాగా పడిపోయింది’ అని బాధపడేవారు ఈ తేడాను కలుపుకొని చూడాలి. పెద్ద టైరు బరువు వల్ల నిజంగా తగ్గేది కొంత, మీటరు దాచేది కొంత. గేర్లు కూడా అదే నిష్పత్తిలో బరువెక్కుతాయి. బస్తాలతో నిండిన బండి చెరువుకట్ట ఎక్కేటప్పుడు మొదటి గేరులో క్లచ్ మీద పడే శ్రమ డ్రైవరు కాలికి వెంటనే తెలుస్తుంది. బ్రేకులపై భారమూ హెచ్చుతుంది.

టైరు ఎంపికలో కొలత కంటే ముందు చూడవలసినది భారసూచిక. కొలత పక్కన 111 ఎస్ వంటి గుర్తు ఉంటుంది. 111 అంటే ఒక్కో టైరు 1,090 కిలోలు, 112 అంటే 1,120 కిలోలు మోయగలదు. 100 అంటే 800 కిలోలే. చూపులకు గంభీరంగా ఉండి భారసూచిక తక్కువగా ఉన్న జీపు టైరును సరుకు బండికి వేయడం ఎండాకాలంలో పేలుడును కొని తెచ్చుకోవడమే. ఎస్ అనేది గంటకు 180, క్యూ అనేది 160 కిలోమీటర్ల వేగపరిమితికి గుర్తు. నడక రకాన్ని బట్టి టైర్లు మూడు తెగలు. హెచ్.టి. అనేది తారురోడ్డుకు, ఎం.టి. అనేది బురదకు, ఏ.టి. అనేది రెంటికీ మధ్యస్థం. వారంలో ఐదు రోజులు చెన్నై రోడ్డు మీద, రెండు రోజులు పొలం దారిలో తిరిగే బండికి ఏ.టి. చాలు. ఎం.టి. టైర్ల పెద్ద దిమ్మెలు బురదను చీల్చుకొని పోయే మాట నిజమే కాని, తడిసిన తారురోడ్డుపై అవి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటాయి. వాటి రొదకు క్యాబిన్‌లో మాట వినబడదు.

పాత టైర్లు కొనేవారు పక్కగోడపై అండాకారపు గడిలోని నాలుగు అంకెలు చూడాలి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. పొడ ఎంత లోతుగా ఉన్నా, రబ్బరు ఏళ్ల తరబడి ఎండి పగుళ్లు వేసిన టైరు బరువు బండికి పనికిరాదు.

ఎత్తు పెంచే పద్ధతులన్నీ ‘లిఫ్ట్’ అనే ఒక్క మాటతోనే చలామణి అవుతున్నాయి గనుక, ఏది చేయబోతున్నారో మెకానిక్కును స్పష్టంగా అడగడం అవసరం. ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మెలు పెట్టడం బాడీ లిఫ్ట్. దీనివల్ల టైరుకు చోటు దొరుకుతుందే తప్ప ఛాసిస్ అంగుళమైనా లేవదు. పైగా స్టీరింగు రాడ్డు, గేరు లివరు, రేడియేటరు గొట్టాలు పక్కకు లాగబడతాయి. వెనుక కమానులకు పొడవైన షాకిల్ వేయడం మరొకటి. షాకిల్ కమాను ఒక కొసనే మోస్తుంది గనుక రెండంగుళాల పొడవు పెంచితే ఇరుసు వద్ద లేచేది ఒక్క అంగుళమే. ఇరుసుకూ కమానుకూ మధ్య దిమ్మె పెట్టి పొడవైన యూ బోల్టులు బిగించడం చౌకైన మార్గం. ముందు ఇరుసుకు మాత్రం దీనిని ఎన్నటికీ చేయించరాదు. బ్రేకు వేసినప్పుడు ఆ దిమ్మె జారితే స్టీరింగు చేతిలో ఉండదు. కొత్త కమాను పట్టీ చేర్చడం లేదా మొత్తం కట్టను మార్చడం వీటన్నిటిలో మెరుగైనది.

ముందు చక్రాలకు విడి సస్పెన్షన్, చుట్ట స్ప్రింగులు ఉన్న బండ్లలో స్ట్రట్ పైన బిళ్లలు పెడతారు. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. స్ప్రింగు చేతి నడుమ ఆని ఉంటుంది గనుక 25 మి.మీ. బిళ్లకు బండి ఇంచుమించు 40 నుండి 50 మి.మీ. లేస్తుంది. ‘ఇంకొంచెం’ అని మరో బిళ్ల వేయించుకొనేవారికి అసలు చిక్కు ఇక్కడే. రెండంగుళాలు దాటినకొద్దీ బాల్ జాయింట్లు, నాలుగు చక్రాల చోదకం ఉంటే ముందు యాక్సిల్ జాయింట్లు వాటి హద్దు కోణానికి చేరి త్వరగా అరిగిపోతాయి. వెనుక కూడా ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి ఒక వేగం వద్ద వణుకు పుడుతుంది. షాక్ అబ్జర్బర్లు పొడవు చాలకపోతే గుంతలో చక్రం దిగినప్పుడల్లా అవి చివరిదాకా సాగి తన్నుతాయి.

చాలామంది మెకానిక్కులు మరచిపోయే భాగం ఒకటుంది. సరుకు బండ్లలో అనేకం వెనుక ఇరుసు దగ్గర ఒక చిన్న వాల్వు కలిగి ఉంటాయి. బరువు వేస్తే తొట్టి దిగుతుంది. ఆ దిగుడును ఒక కడ్డీ ద్వారా గ్రహించి ఆ వాల్వు వెనుక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. తొట్టిని దిమ్మెలతో ఎత్తితే, బండి నిండా బస్తాలున్నా ఖాళీగా ఉందనే ఆ వాల్వు భావిస్తుంది. వెనుక బ్రేకులు అరకొరగా పనిచేస్తాయి. ఎత్తు పెంచిన తరువాత ఆ కడ్డీని సరిచేశారా అని అడిగి, చూసి గాని బండిని బయటకు తీయరాదు. హెడ్‌లైట్లను కిందికి దించడం, నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చూపించడం కూడా ఆ రోజే కావాలి.

బోల్తా ప్రమాదాన్ని అంకెలలో చూస్తే భయం కలుగుతుంది. చక్రాల మధ్య దూరాన్ని భారకేంద్రపు ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చే సంఖ్య ఎంత తగ్గితే బండి అంత సులభంగా పక్కకు ఒరుగుతుంది. ఉదాహరణకు చక్రాల మధ్య 1,570 మి.మీ., భారకేంద్రం 750 మి.మీ. ఎత్తున ఉంటే ఆ సంఖ్య 1.05. భారకేంద్రం 50 మి.మీ. పెరిగితే 0.98. ఇది ఖాళీ బండి మాట. తలకు మించిన ఎత్తున గడ్డిమోపులు కట్టినప్పుడు, లేదా పెళ్లికి తొట్టెలో జనాన్ని నిలబెట్టినప్పుడు భారకేంద్రం ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు. సరుకు బండి తొట్టెలో మనుషుల ప్రయాణం చట్టవిరుద్ధమే అయినా ఊళ్లలో జరుగుతూనే ఉంది. ఎత్తు పెంచిన బండిలో ఆ పని బొత్తిగా చేయరాదు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు దీనిని కచ్చితంగా అమలు చేయాలని తీర్పునిచ్చింది. అదే సంవత్సరం సవరణతో చేరిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చునంటున్నది. సరుకు బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది గనుక మార్పు దాగదు. ప్రమాదం జరిగి, బీమా సంస్థకు తెలియజేయని మార్పు బయటపడితే పరిహారం వివాదంలో పడుతుంది. ఆ భారం యజమాని పొలం మీదికి రావచ్చు. కమాను పట్టీలు చేర్చినంత మాత్రాన ఆర్.సి.లోని మొత్తం బరువు పరిమితి పెరగదు. అధిక బరువుకు చట్టంలోని జరిమానా 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు మరో 2,000. తమిళనాడు నంబరు బండిని ఆంధ్రలో పన్నెండు నెలలు మించి ఉంచుకొనేవారు ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి. ఆ తనిఖీలోనూ ఈ మార్పులన్నీ కనబడతాయి.

ఇంతకీ నిరపాయమైన దారి లేదా? ఉంది. ఏళ్ల తరబడి బరువు మోసిన బండి చాలావరకు కమాను కుంగిపోవడం వల్లనే కిందికి దిగి ఉంటుంది. సమతలంపై ఖాళీ బండిని నిలిపి చక్రం నడిబొడ్డు నుండి మడ్‌గార్డు అంచు వరకు కొలిచి, అదే రకం కొత్త బండితో పోల్చి చూడాలి. అంగుళం తేడా ఉంటే కావలసినది లిఫ్ట్ కాదు. కొత్త కమానులు, బుష్‌లు, షాక్‌లు. ఇది మరమ్మతే గాని మార్పు కాదు. టైర్ల విషయంలోనూ అదే నమూనాలోని పై రకాలకు తయారీదారు ఇచ్చిన కొలత ఏదో డీలరు వద్ద తెలుసుకొని, ఆ కొలతలో ఏ.టి. టైర్లు వేయించుకోవడం ఉత్తమం. సరిహద్దు పల్లెలలో నూటికి ఎక్కువ మంది అవసరం ఇంతటితో తీరుతుంది.

వరదల మాట కొందరు ఎత్తుతారు. 2015 డిసెంబరులోను, మిచౌంగ్ తుఫాను వచ్చిన 2023 డిసెంబరులోను చెన్నై వీధులు మునిగిన దృశ్యాలు చూశాక ఎత్తైన బండిపై మోజు కలగడం అర్థం చేసుకోదగినదే. ఎత్తు పెంచితే ఇంజను గాలి పీల్చే ద్వారం పైకి పోతుంది. హబ్ బేరింగులు, హౌసింగ్ మాత్రం నీటిలోనే ఉంటాయి. నీట దిగి వచ్చిన బండి హౌసింగ్ ఆయిల్ పాలవలె తెల్లబడి ఉంటే వెంటనే మార్పించాలి. పారుతున్న వాగులోనైతే నీటి తోపుడుకు ఎత్తైన బండి కూడా నిలవదు.

అన్నీ ఆలోచించి మార్పించేవారు ఐదవ టైరును మరువరాదు. పెద్ద కొలత టైరు తొట్టి కింద స్టెప్నీ స్థలంలో పడుతుందో లేదో ముందే చూడాలి. పాత చిన్న స్టెప్నీతో నాలుగు చక్రాల చోదకాన్ని వాడితే గేర్ల పెట్టె దెబ్బతింటుంది. బండి చేతికి వచ్చాక స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఒక చక్రాన్ని గట్టు ఎక్కించి టైరు ఎక్కడా రాయడం లేదని నిర్ధారించుకోవాలి. తొలి 500 కిలోమీటర్ల తరువాత యూ బోల్టులు, చక్రాల నట్లు తిరిగి బిగింపించి, అప్పుడు గాని పూర్తి బరువు వేయరాదు.