అల్లరి లెక్కకొచ్చింది, మౌనం రాలేదు

చిన్నప్పుడు బడిలో మా అన్నయ్యకి దక్కింది గోడకుర్చీ, నాకు దక్కింది "బుద్ధిమంతురాలు" అన్న మెప్పు. అన్నయ్య ఒకచోట పది నిమిషాలు కూచునేవాడు కాదు. నేను గంటల తరబడి కూచునేదాన్ని, కానీ పాఠం ఒక్క ముక్క చెవికెక్కేది కాదు. నా ధ్యాసంతా కిటికీ అవతల చింతచెట్టు మీదే. రాత్రిపూట స్నేహితురాలి నోట్సు చూసి రాసుకుని గట్టెక్కేదాన్ని. అన్నయ్య ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. నేను డాక్టరేట్ దాకా వచ్చాను. మా ఇద్దరిలో ఎవరికీ ఏ డాక్టరూ ఏ పేరూ పెట్టలేదు. నేనూ పెట్టబోవడం లేదు.

ఇప్పుడు అన్నయ్య కూతురు మూడో తరగతి. "చాలా నెమ్మదస్తురాలు, కానీ పరధ్యానం" అని దాని ప్రోగ్రెస్ రిపోర్టులో రాశారు. ఆ ఒక్క వాక్యం నన్ను నిలవనివ్వలేదు. ధ్యాస కుదరని పిల్లలకీ, కుదురుగా ఉండలేని పిల్లలకీ బడి ఇన్నేళ్ళుగా ఏం చేసిందో వెతకడం మొదలుపెట్టాను. వెతికేకొద్దీ ఒకటి అర్థమైంది. ఇది చాలాకాలం తరగతిని ఇబ్బంది పెట్టిన పిల్లల చరిత్ర. తరగతిలో తాము ఇబ్బంది పడిన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇందులోకి చాలా ఆలస్యంగా వచ్చారు.

1902లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఉపన్యాసాలిచ్చాడు. తెలివికి లోటు లేకపోయినా తమని తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి మాట్లాడాడు. వాళ్ళలో ఉన్నది "నైతిక నిగ్రహ లోపం" అన్నాడు. అలాంటి ఇరవై మందిని వర్ణిస్తే అందులో 15 మంది మగపిల్లలు, 5గురు ఆడపిల్లలు. కోపం, అబద్ధాలు, వస్తువులు పగలగొట్టడం - ఆయన లెక్కలోకి వచ్చినవన్నీ ఎదుటివాళ్ళ కంటపడేవే. పైగా జబ్బునీ నిందనీ ఒకే మాటలో కట్టేశాడు. ఆ ముడి ఇప్పటికీ పూర్తిగా వీడలేదు. పిల్లాడి ప్రవర్తన గురించి కబురొచ్చినప్పుడు బడికి పరుగెత్తేదీ, "పెంపకం" అన్న మాట పడేదీ తల్లే కదా!

1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో, ప్రవర్తన సమస్యలున్న పిల్లల కోసం నడిచే ఒక ఆస్పత్రిలో చార్లెస్ బ్రాడ్లీ 30 మంది పిల్లలకి బెంజెడ్రిన్ ఇచ్చి చూశాడు. దాదాపు సగం మంది చదువులో ఆశ్చర్యకరంగా మెరుగయ్యారు. ఆ బిళ్ళలకి పిల్లలే "లెక్కల మాత్రలు" అని పేరు పెట్టుకున్నారు. మందు కథ అలా మొదలైంది. మరి బడి తనంతట తాను ఏం మార్చుకుంది?

దీనికి నాకు దొరికిన మంచి జవాబుల్లో ఒకటి ఇద్దరు స్త్రీల పేర్లతో ఉంది. కాన్సాస్‌లో నాలుగో తరగతి టీచరు మ్యూరియల్ సాండర్స్, పరిశోధకురాలు హారియట్ బారిష్. మాంట్రోస్ వుల్ఫ్‌తో కలిసి వాళ్ళు 1969లో "మంచి ప్రవర్తన ఆట"ని ప్రచురించారు. 24 మంది పిల్లల తరగతి. వాళ్ళలో ఏడుగురి మీద అప్పటికే ప్రిన్సిపాల్ దాకా ఫిర్యాదులు వెళ్ళాయి. తరగతిని రెండు జట్లు చేశారు. ఎవరైనా అనుమతి లేకుండా సీటు వదిలినా, మధ్యలో మాట్లాడినా ఆ జట్టు పేరు కింద బోర్డు మీద ఒక గీత. గీతలు తక్కువున్న జట్టు గెలిచినట్టు. రెండు జట్లకీ తక్కువే పడితే ఇద్దరూ గెలిచినట్టే. గెలిచినవాళ్ళకి భోజనానికి ముందు వరసలో చోటు, సాయంత్రం కాస్త ఖాళీ సమయం లాంటి చిన్న చిన్న బహుమతులు. బెత్తం లేదు. పిల్లల్ని బయటికి పంపలేదు. డాక్టరు చీటీ అడగలేదు. ఒక సుద్దముక్కతో తరగతి నడిచే పద్ధతినే మార్చారు. అల్లరి బాగా తగ్గింది.

నాకు ఆ టీచరు మీద ఎంతో గౌరవం. కానీ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. గీత పడేది సీటు వదిలినందుకూ, మాట్లాడినందుకూ. కిటికీలోంచి చూస్తూ కూచున్న పిల్లకి గీత పడదు. ఆ తరగతిలో ఉంటే మా అన్నయ్యకి ఈ ఆట ప్రాణం పోసేది. నేను మాత్రం రోజూ గెలుస్తూ, ఏమీ నేర్చుకోకుండా ఇంటికెళ్ళేదాన్ని.

ఆ చూపుని మార్చినవాళ్ళలో ముఖ్యురాలు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త వర్జీనియా డగ్లస్. అసలు చిక్కు కదలికలో కాదు, ధ్యాస నిలపడంలోనూ తొందరని ఆపుకోవడంలోనూ ఉందని 1972లో ఆమె వాదించారు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వర్గీకరణ గ్రంథంలో ఈ సమస్య పేరునే "అటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్" అని మార్చింది. అతిచురుకుదనం లేకుండా కూడా ఇది ఉండొచ్చని ఒప్పుకుంది. మౌనంగా కూచునే పిల్లలకి అలా ఒక పేరు దొరికింది.

పేరు దొరికినంత మాత్రాన సాయం దొరకదు. వికలాంగులైన పిల్లల విద్య కోసం అమెరికా 1975లో చట్టం చేసినా, ఈ పిల్లలు కూడా అందులోకి రావచ్చని అక్కడి విద్యాశాఖ స్పష్టం చేయడానికి 1991 దాకా పట్టింది. ముందు వరసలో సీటు, పనిని ముక్కలుగా విడగొట్టి ఇవ్వడం, పరీక్షలో అదనపు సమయం, రోజూ ఇంటికి వెళ్ళే చిన్న నివేదిక - ఇలాంటివి అడిగే హక్కు బలపడింది. కానీ ఆ తలుపు దగ్గరికి పిల్లల్ని పంపాల్సింది టీచరు. టీచరు కంటపడేది అల్లరి. చూడకపోవడానికి మూల్యం తక్కువేం కాదు. బర్కిలీలో స్టీఫెన్ హిన్షా బృందం ఈ సమస్య ఉన్న 140 మంది ఆడపిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించింది. తోటి ఆడపిల్లలతో పోలిస్తే వాళ్ళలో తమని తాము గాయపరచుకోవడం, ఆత్మహత్యా ప్రయత్నాలు ఎక్కువని 2012లో వెల్లడించింది.

మన దగ్గర? 2009 విద్యాహక్కు చట్టం బడిలో దండననీ, మానసిక వేధింపునీ నిషేధించింది. గోడకుర్చీకి చట్టంలో చోటు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలని గుర్తించింది. అభ్యసన వైకల్యాలూ ఆటిజమూ ఆ జాబితాలో ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు మాత్రం లేదు. తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. కానీ నెమ్మదస్తురాలైన పిల్లకి ప్రత్యేక అవసరం ఉందని ఎవరు అనుకుంటారు? రెండు మూడు తరగతులు ఒక్కతే నెట్టుకొచ్చే టీచరమ్మని తప్పుపట్టి లాభం లేదు. నోరెత్తకుండా కూచోవడాన్ని ఆడపిల్ల సుగుణంగా ఆమెకీ మనకీ నేర్పింది ఒక్కరే.

మొన్న ప్రోగ్రెస్ రిపోర్టు చదివి అన్నయ్య నవ్వాడు, "నీ పోలికేనే చెల్లీ" అని. తర్వాత కాసేపాగి మెల్లగా అడిగాడు.

"దీన్ని కొట్టరు కదా?"

"కొట్టరన్నయ్యా. అసలు దాని వంకే చూడరు. నా భయమంతా అదే" అన్నాను.

సోమవారం నేనూ వదినా బడికి వెళ్తున్నాం. దాన్ని కిటికీ దగ్గర్నుంచి ముందు బల్లకి మార్చమనీ, లెక్కలు రెండేసి చొప్పున ఇవ్వమనీ అడుగుతాం. అడగాల్సింది ఇంకా చాలా ఉంది. ముందు దాన్ని చూడటంతో మొదలుపెట్టమంటాం.