మంగ్నీ ఉంగరానికి ఏ ఆకారం వజ్రం?

తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. అక్కడ దొరికేది సానపట్టని రాయి. ఆకారం వచ్చేది సానలోనే.

రౌండ్‌కి మామూలుగా 57 లేదా 58 ముఖాలు. మెరుపు దీనిదే ఎక్కువ. కానీ కోతలో సగానికి పైగా రాయి పోవచ్చు, అందుకే రేటూ ఎక్కువే. చదరంగా ఉండే ప్రిన్సెస్‌లో వృథా తక్కువ, ధర కూడా తగ్గుతుంది. అయితే మూలలు పగిలే భయం ఉంది. రోజూ వంట, అంట్లు, వజూ ఉన్న చేతికి నాలుగు మూలలనూ పట్టుకునే బిగింపు తప్పదు.

చేతిలో డబ్బు లెక్కగా ఉంటే ఓవలే నయం. అదే క్యారెట్‌లో, అంటే 0.2 గ్రాముల్లో, రౌండ్ కంటే పెద్దగా కనిపిస్తుంది. అబ్బాయికైతే బంగారం కుదరదు, వెండిలోనే పెట్టించాలి. బిల్లుతో పాటు ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి. రాయి గనిదా, ల్యాబ్‌లో తయారైనదా అనేది అందులో చూసుకోండి.