వీరుల సమాగమ కథలు

వేర్వేరు కథలకు చెందిన వీరులు ఒకే కథలో ఎదురుపడి, పోరాడి, లేదా చేతులు కలిపి ఒక ఉమ్మడి శత్రువును జయించే కథలను ఇంగ్లీషులో క్రాస్‌ఓవర్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. ఈ వ్యాసంలో సమాగమ కథ అనే మాట వాడబడింది. అమెరికన్ కామిక్ పుస్తకాల ద్వారా, టీవీ కార్టూన్ల ద్వారా ఈ ప్రక్రియ ప్రసిద్ధి పొందినప్పటికీ, తెలుగు నాటకరంగంలో 19వ శతాబ్దం చివరినాటికే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది.

గయోపాఖ్యానం

చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867-1946) రాజమండ్రిలో రచించిన గయోపాఖ్యానం నాటకం 1890లో అచ్చయింది. గయుడనే గంధర్వుడు ఆకాశమార్గాన పోతూ ఉమ్మిన తాంబూలం, సూర్యునికి అర్ఘ్యమిస్తున్న కృష్ణుని దోసిలిలో పడుతుంది. కృష్ణుడు గయుని చంపుతానని ప్రతిజ్ఞ చేస్తాడు. నారదుని సలహాపై గయుడు, శత్రువు ఎవరో చెప్పకుండానే అర్జునుని శరణు కోరి అభయం పొందుతాడు. ఇక ఇద్దరిలో ఎవరు వెనుకకు తగ్గినా మాట తప్పినట్లే. బావమరదుల మధ్య యుద్ధం అనివార్యమవుతుంది.

ఈ కథ వ్యాసభారతంలో లేదు. తిక్కన భారతంలోనూ లేదు. అయినా ఈ నాటకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయినట్లు ప్రసిద్ధి. టంగుటూరి ప్రకాశం యువకుడుగా ఉన్నప్పుడు ఈ నాటకంలో నటించాడు. 1963లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో శ్రీకృష్ణార్జున యుద్ధము చిత్రంగా వచ్చినపుడు కృష్ణునిగా ఎన్.టి.రామారావు, అర్జునునిగా అక్కినేని నాగేశ్వరరావు నటించారు. ఆ రోజులలో ఇద్దరు అగ్రనటుల అభిమానులకు ఇది రెండు విధాలుగా సమాగమమే.

ఓడిపోరాని వీరుడు

సమాగమ కథ రచయితకు ఎదురయ్యే చిక్కు ఒక్కటే. ఇద్దరూ ఆరాధ్యులే కనుక ఎవరినీ ఓడించరాదు. యుద్ధం జరగకపోతే ప్రేక్షకుడు ఒప్పుకోడు, ఒకరు ఓడితే సహించడు. గయోపాఖ్యానం ఈ చిక్కును ప్రతిజ్ఞల సంఘర్షణగా మార్చింది. ఇద్దరిలో దుష్టుడు ఎవరూ లేరు. ఇద్దరూ ధర్మం కోసమే నిలబడ్డారు. చివరకు పై దైవం వచ్చి యుద్ధం ఆపవలసివస్తుంది.

ఈ అచ్చును తరువాతి చిత్రాలు పలుమార్లు వాడుకున్నాయి. 1966లో భీమాంజనేయ యుద్ధం, 1972లో శ్రీకృష్ణాంజనేయ యుద్ధం, 1975లో బాపు దర్శకత్వంలో శ్రీరామాంజనేయ యుద్ధం వచ్చాయి. చివరిదానిలో విశ్వామిత్రునికి ఇచ్చిన మాట కోసం రాముడు యయాతిని చంపబూనగా, అతనికి హనుమంతుడు అడ్డు నిలుస్తాడు. తన ప్రభువుపై ఆయుధమెత్తలేని హనుమంతునికి రామనామమే ఆయుధం. ఈ ఊహ ముందు పడమటి దేశాల సమాగమ కథలు చాలావరకు తేలిపోతాయని చెప్పవచ్చు.

అమెరికన్ కామిక్స్

డి.సి., మార్వెల్ అనే రెండు పోటీ సంస్థల వీరులు కలిసిన మొదటి పెద్ద పుస్తకం 1976లో వెలువడిన సూపర్‌మేన్, స్పైడర్‌మేన్ కథ. మొదట అపార్థం వలన కొట్టుకోవడం, తరువాత కలిసి శత్రువులను పట్టుకోవడం, ఇదే దాని నడక. 1996లో రెండు సంస్థలూ కలిసి మరొక మార్గం తొక్కాయి. ఐదు పోరాటాల ఫలితాన్ని పాఠకుల ఓట్లకు వదిలాయి. సూపర్‌మేన్ హల్క్‌ను, స్టార్మ్ వండర్ వుమన్‌ను గెలిచారు. పై దైవం చేసే పని ఇక్కడ ఓటరు చేసాడన్నమాట.

జస్టిస్ లీగ్, అవెంజర్స్ బృందాల సమాగమం 1980ల ప్రారంభంలోనే తలపెట్టబడింది. జార్జ్ పెరెజ్ కొన్ని పుటలు గీసిన తరువాత, సంస్థల మధ్య ఒప్పందం కుదరక 1983లో ఆగిపోయింది. అదే చిత్రకారునితో 2003-04లో నాలుగు సంచికలుగా పూర్తయింది. ఇరవై ఏళ్లపాటు పాఠకులు ఆ కథను ఊహలోనే చదువుకున్నారు.

కృష్ణుడు, అర్జునుడు, హనుమంతుడు ఎవరి ఆస్తీ కారు. కనుక చిలకమర్తికి ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది.

టీవీ కార్టూన్ల కాలం

1980ల చివర, 1990ల మొదట దూరదర్శన్‌లో స్పైడర్‌మేన్, హీ-మ్యాన్ కార్టూన్లు ప్రసారమయ్యాయి. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ భారతదేశంలో ప్రారంభమైంది. 13 సెప్టెంబరు 1997 నుండి 2005 వరకు శక్తిమాన్ ధారావాహిక సాగింది. బి.ఆర్.చోప్రా మహాభారతంలో భీష్మునిగా నటించిన ముకేష్ ఖన్నాయే శక్తిమాన్. సూపర్‌మేన్, శక్తిమాన్ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారన్నది ఆ తరం పిల్లలకు బడి విరామ సమయాలలో తెగని వాదం. హిందీ చదవగలిగినవారు రాజ్ కామిక్స్‌లో నాగరాజ్, సూపర్ కమాండో ధ్రువ కలిసిన రాజ్‌నగర్ కీ తబాహీ వంటి కథలు చదివేవారు.

చార్మినార్ పరిసరాలలోని మొఘల్‌పురా, షాలిబండ వంటి పాతబస్తీ పేటలలో ఇంటి భాష ఎక్కువగా ఉర్దూ. ఉర్దూ పాఠకులకు ఇటువంటి ఆనందం ముందుగానే ఇబ్నె సఫీ (1928-1980) డిటెక్టివ్ నవలలలో దొరికింది. 1952లో మొదలైన జాసూసీ దునియాలోని కల్నల్ ఫరీదీ గంభీరుడు. 1955లో మొదలైన మరో వరుసలోని ఇమ్రాన్ పైకి అమాయకంగా కనిపించే కొంటెవాడు. జమీన్ కే బాదల్ నవలలో రచయిత వీరిద్దరినీ ఒకచోట చేర్చాడు. ఇద్దరూ ఒకే రచయిత బిడ్డలు గనుక ఒప్పందాల తగవు లేదు. ఎవరిని తక్కువ చేయాలన్న తగవు మాత్రం ఇక్కడా ఉంది.

హైదరాబాదు నుండి ఛోటా భీమ్

రాజీవ్ చిలక 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థను స్థాపించాడు. (గయోపాఖ్యాన కర్త ఇంటిపేరుతో ఈ పేరుకున్న పోలిక యాదృచ్ఛికమే.) సంస్థ కృష్ణుని బాల్యంపై కార్టూన్లు తీసింది. 2008లో పోగో ఛానల్‌లో ఛోటా భీమ్ మొదలైంది. ఢోలక్‌పూర్‌లో ఉండే ఈ లడ్డూల ప్రియుడు మహాభారత భీముడు కాడు. పేరు, బలం, తిండి మాత్రమే అక్కడివి. ఈ భేదం తెలియని పిల్లలు ఇద్దరినీ ఒకరిగా భావించడం కద్దు. పిల్లలకు మూలకథ చెప్పవలసిన బాధ్యత పెద్దలదే.

తరువాత ఛోటా భీమ్, బాలకృష్ణుడు కలిసిన చిత్రాలు వరుసగా వచ్చాయి. పాటలీపుత్ర నేపథ్యంగా సాగినది వాటిలో ఒకటి. వీటిలో వీరులు పరస్పరం పోరాడరు. మొదటినుండీ స్నేహితులే. చిన్నపిల్లలకు ఇది తగినదే కావచ్చు, కాని గయోపాఖ్యానంలోని ధర్మసంకటం ఇందులో లేదు.

భద్రపరచడం

1963 నాటి చిత్రాన్ని నేటికీ చూడవచ్చు. ఆరు దశాబ్దాలు గడచినా అందులోని నటుల పేర్లు అందరికీ తెలుసు. 1990లు, 2000లలో తెలుగులోకి అనువదించిన కార్టూన్ల పరిస్థితి వేరు. వాటికి మాటలు రాసినవారు, గొంతు ఇచ్చినవారు చాలామంది పేరు లేకుండానే మిగిలారు. ఆ తెలుగు ప్రతులు చాలావరకు నేడు సులభంగా దొరకవు. ఆనాటి ప్రేక్షకులు ఇంట్లో వీడియో టేపులపై పట్టుకున్న ముక్కలు ఎక్కడైనా మిగిలి ఉంటే, టేపు పాడయ్యేలోగా వాటిని డిజిటల్ రూపంలోకి మార్చుకోవలసి ఉంటుంది.