జాలపాదాలు: విచ్చుకోవడం, ముడుచుకోవడంలోనే ఈత రహస్యం

చెరువులో ఈదుతున్న బాతును గట్టు మీద నుంచి చూస్తే అది శ్రమ లేకుండా తేలిపోతున్నట్లు కనిపిస్తుంది. నీటి అడుగున మాత్రం దాని కాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి తెడ్లలా పనిచేస్తుంటాయి. వేళ్ల మధ్య చర్మపు పొర ఉన్న ఇటువంటి పాదాలను జాలపాదాలు అంటారు. పక్షులు, కప్పలు, క్షీరదాలు వంటి దూరపు వర్గాల జీవుల్లో ఈ లక్షణం విడివిడిగా పరిణమించింది.

పనిచేసే తీరు

బాతు కాలిని వెనక్కి నెట్టేటప్పుడు వేళ్లు విచ్చుకుని పొర సాగుతుంది. వెడల్పయిన పాదం నీటిని వెనక్కి తోస్తే, ప్రతిచర్యగా శరీరం ముందుకు సాగుతుంది. కాలిని తిరిగి ముందుకు తెచ్చుకునేటప్పుడు వేళ్లు దగ్గరకు చేరి పొర ముడుచుకుంటుంది. పాదం వెడల్పు తగ్గితే నీటి నిరోధమూ తగ్గుతుంది. పొర ముడుచుకోకుండా అలాగే ఉంటే, వెనక్కి నెట్టి సాధించిన వేగంలో చాలా భాగం కాలిని ముందుకు తేవడంలోనే నష్టపోవాల్సి వస్తుంది.

పిండ దశలోనే నిర్ణయం

మనిషి సహా అనేక జంతువుల పిండాల్లో తొలుత వేళ్ల మధ్య కణజాలం ఉంటుంది. తర్వాత ఆ కణాలు నిర్ణీత క్రమంలో నశించి వేళ్లు విడిపోతాయి. బీఎంపీ అనే సంకేత ప్రొటీన్లు ఈ కణ మరణాన్ని ప్రేరేపిస్తాయి. బాతు పిండం పాదాల్లో గ్రెమ్లిన్ అనే మరో ప్రొటీన్ వాటిని అడ్డుకోవడంతో పొర నిలిచిపోతుంది. కోడి పాదానికి, బాతు పాదానికి తేడా మొదలయ్యేది ఇక్కడే.

రూపాలు అనేకం

బాతుకు ముందువైపు మూడు వేళ్ల మధ్యే పొర ఉంటుంది. గూడబాతు, నీటికాకి పాదాల్లో నాలుగు వేళ్లనూ పొర కలుపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని నేలపట్టు అభయారణ్యంలో గూళ్లు కట్టే గూడబాతులు గుడ్లను పొదగడానికీ ఈ పాదాలనే వాడతాయి. బొల్లికోడికి పూర్తి పొరకు బదులు ప్రతి వేలికీ అంచుల వెంట విడివిడి చర్మపు రెక్కలు ఉంటాయి. ఆస్ట్రేలియాకు చెందిన ప్లాటిపస్ ముందు పాదాల పొర గోళ్లను దాటి విస్తరిస్తుంది. నేల మీద నడిచేటప్పుడు అది ఆ పొరను వెనక్కి మడుచుకుంటుంది.

పొర ఈతకే పరిమితం కాదు. పశ్చిమ కనుమల్లోని మలబార్ గ్లైడింగ్ కప్ప చెట్టు నుంచి దూకినప్పుడు వేళ్ల మధ్య పొరలను చాచి గాలిలో తేలుతూ కిందికి దిగుతుంది.

నీరు లేకుంటే

నీటిలో దొరికే సౌలభ్యానికి నేల మీద కొంత మూల్యం చెల్లించక తప్పదు. నీట మునిగి వేటాడే పలు పక్షుల కాళ్లు శరీరానికి బాగా వెనుకగా అమరి ఉంటాయి. ఈతకు అనువైన ఆ అమరికే నడకను కష్టతరం చేస్తుంది.

భారత్‌లో జాలపాదాలున్న క్షీరదాల్లో నునుపు బొచ్చు నీటికుక్క ఒకటి. చేపల వేటలో దానికి పొర ఉన్న పాదాలతో పాటు బలమైన తోక కూడా తోడ్పడుతుంది. బావురుపిల్లిగా పిలిచే ఫిషింగ్ క్యాట్‌కు వేళ్ల మధ్య పాక్షికంగా పొర ఉంటుంది. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర జంతువైన ఈ పిల్లి ఆంధ్రప్రదేశ్‌లోని కోరింగ మడ అడవుల్లోనూ కనిపిస్తుంది.

ఈ రెండు జంతువులనూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయూసీఎన్) ముప్పు పొంచి ఉన్న జాతులుగా వర్గీకరించింది. చిత్తడి నేలలు పూడిపోవడం, చెరువుల సాగుకు మారడం, జలకాలుష్యం వాటి ఆవాసాలను కుదిస్తున్నాయి. నీటి కోసం తీర్చిదిద్దుకున్న శరీరం వాటిది. ఆ నీరే కనుమరుగైతే వేరే చోట బతికే అవకాశాలు చాలా పరిమితం. అందుకే ఈ జీవుల రక్షణ చిత్తడి నేలల రక్షణతోనే మొదలవ్వాలి.