యానాది ఇల్లు

ఉదయగిరి అనగానే 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొనిన దుర్గమే మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ వెలికొండల క్రిందను, ఆత్మకూరు వైపు చెరువుల వెంబడిని, గుడిసెనైనను తనదనుకొనలేక బ్రతికిన యానాదుల చరిత్రను మనమంతగా తలచుకొనము.

తేనె, మూలికలు, కట్టెలు తెచ్చి అమ్ముకొనుచు, రైతుల చేలకు కావలి కాచుచు వారు కాలము గడపిరి. చుట్టుగుడిసెకు నాలుగు కర్రలు, కొంత గడ్డి చాలును. నేల మాత్రము ఆసామిది. ఆయన పొమ్మన్ననాడు గుడిసె లేచిపోవలసినదే.

సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచు చట్టము 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికిని వచ్చినది. ఈ జిల్లాలోనే, కావలిలో, అమెరికన్ బాప్టిస్టు మిషనువారు ఎరుకలకు సెటిల్‌మెంటు నడిపిరి. అందు నివాసమున్నది, పనియున్నది. అనుమతి లేనిదే హద్దు దాటరాదు. దానిని ఇల్లనుటకు మాకు నోరు రాదు.

యానాదుల నడుమ దశాబ్దములు పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఆ చట్టముపై పోరాడిరి. 1952లో అది రద్దయినది. వారి యానాదుల గ్రంథము 1962లో వెలువడినది.

చట్టము పోయినంతమాత్రమున ఇల్లు రాదు. తన పేర ఇంటిస్థలపు పట్టా కావలెను. అది చేతికి వచ్చినను, స్థలము చెరువుకును చేనికిని దూరమైనచో, క్రొత్త ఇంటికి తాళము వేసి, పాత గట్టుననే మరల చుట్టుగుడిసె వేసికొందురు. మరునాటి కూలి అక్కడనే గదా!