పరిచయమునకు రెండర్థములు



పరిచయమను పదమునకు మా గురువులు రెండర్థములు చెప్పెడివారు. మనుష్యునకు మనుష్యునితో గల ఎఱుక యొకటి. విద్యతో గల చిరాభ్యాసము రెండవది. “వానికి వ్యాకరణమున పరిచయము కలదు” అన్నప్పుడు ఈ రెండవ యర్థమునే గ్రహింతుము. ఛాయాచిత్రకళను జీవనోపాధిగా గైకొనువానికి ఈ రెండును ఎంతవరకు కావలెనో నేడు మనవి చేయదలచితిని. ఈ విషయము నెన్నుకొనుటకు నా తప్పిదమొకటి కారణము. దానిని ముందుగనే ఒప్పుకొందును.

1990 దశాబ్దమున నేను భవానీపురమున ఉపాధ్యాయుడనై యుండగా, నా శిష్యుడొకడు మేనమామ యిచ్చిన పాత కెమెరాతో కృష్ణ యొడ్డున పడవలను, వలలారబెట్టు పల్లెకారులను ఎంతయో చక్కగా తీయుచుండెడివాడు. బెజవాడలో ఫోటోస్టూడియో నడుపుచున్న నా బాల్యమిత్రునకు ఒక చీటి వ్రాసి యిమ్మని వాడు నన్నడిగెను. “విద్య కలవానికి సిఫారసెందులకురా?” అని మందలించి పంపితిని. వాడు మారుమాటాడక నమస్కరించి పోయెను. కొన్ని నెలలకు కెమెరా అమ్మివేసి, ఒక ఎరువుల కొట్టులో పద్దులు వ్రాయుటకు కుదిరెనని తెలిసినది. నీతి బోధించితినని నాడు సంతోషించితిని. చాలకాలమునకు రాజా దీనదయాళుని చరిత్ర చదివినప్పుడు గాని నా మాటలోని లోపము నాకు బోధపడలేదు.

దీనదయాళుడు 1844లో మీరటునకు సమీపమున సర్ధనా యను నూర జైనకుటుంబమున జన్మించెను. రూర్కీలోని ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరున సర్కారు కట్టడముల శాఖలో పటములు గీయు ఉద్యోగమున చేరెను. కెమెరా పట్టుట ఆయనకు మొదట వినోదము మాత్రమే. ఇండోరు ప్రభువగు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయన చేతినేర్పును మెచ్చి, మధ్యభారతమున గవర్నరు జనరలు ప్రతినిధిగా నున్న సర్ హెన్రీ డేలీకి ఎఱుకపఱచెను. డేలీ చేసిన ప్రోత్సాహముతో అధికారుల విడుదులును సంస్థానాధీశుల కొలువులును ఆయనకు తలుపులు తెఱచినవి. 1875-76లో వేల్సు యువరాజు మన దేశమునకు వచ్చినప్పుడు ఆ పర్యటనమును చిత్రించు అవకాశము కలిగెను. డేలీ తరువాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేల్‌ఖండమున ప్రాచీన కట్టడములు చూడబోవుచు ఆయనను వెంటగొనిపోయెను. ఆ చిత్రములతో 1886లో ఒక గ్రంథము వెలువడెను. 1885లో రాజప్రతినిధియగు డఫ్రిన్ ప్రభువు ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. ఆ దశాబ్దముననే ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆస్థానమున స్థానము లభించెను. సికింద్రాబాదున స్టూడియో వెలసెను. 1894లో నిజాము ‘రాజా’ బిరుద మొసగెను.

ఇదియంతయు ప్రాపకమహిమయే యని కొందఱనవచ్చును. ఆయన పని నేర్చిన నాటి ఛాయాచిత్రణ మెట్టిదో వినుడు. గాజుపలకకు కలోడియనను జిగురుద్రవమును పూసి, వెండిలవణము కలిపిన నీట ముంచి, తడి యారకముందే చిత్రము తీసి, వెంటనే చీకటిడేరాలో కడుగవలెను. కొలది నిమిషములు ఆలస్యమైనచో పలక వ్యర్థము. మహారాజు చీటి వ్రాసినంత మాత్రమున పలకమీది తడి యారక నిలువదు. తుకోజీరావు ఆయనను డేలీ గుమ్మము వరకు చేర్చెను. లోపల నిలిపినది ఆయన చేతిపని. ఒకచోట చేసిన మంచిపనియే మఱియొకచోటికి సిఫారసై నడిచినది.

1892లో ఆయన హైదరాబాదున స్త్రీలకొఱకు ప్రత్యేకముగ జనానా స్టూడియో పెట్టి, దాని నిర్వాహమును ఒక ఆంగ్లస్త్రీకి అప్పగించెను. ఘోషా కుటుంబములవారు ఆ గడప త్రొక్కుటకు బిరుదములు చాలునా? ఆ యింటి మర్యాద యెట్టిదో ముందుగా తెలిసియుండవలెను. మనుష్యపరిచయము పండినచో దాని ఫలమునకు నమ్మకమని పేరు.

1905లో దీనదయాళుడు గతించెను. ఆయన చిత్రములు నేటికిని నిలిచియున్నవి. 2006లో మన తపాలాశాఖ ఆయన పేర స్టాంపు వెలువరించినది. కాని ఆయనవంటి నేర్పు కలిగియు, తుకోజీరావు వంటివాడు దొరకక చీకటిగదిలోనే ఉండిపోయినవా రెందఱో! వారి పేర్లు ఏ గ్రంథమునను లేవు. ఆ పేరులేనివారిలో ఒకనిని నేనే చేర్చితినేమోయని నా బాధ.

అందఱికిని మహారాజులు దొరకవలెననుట లేదు. మన కృష్ణామండలపు మచిలీపట్నమున 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్యనాయుడు చెన్నపట్నము పోయి ఫోటోస్టూడియో నడిపెను. 1910 ప్రాంతమున దానిని తాకట్టుపెట్టి, బొమ్మతోపాటు ధ్వని వినిపించు క్రోనోమెగాఫోనను యంత్రమును తెప్పించి ప్రదర్శనము లిచ్చెను. 1914లో గెయిటీ యను సినిమాశాలను నెలకొల్పెను. టిక్కెట్టు కొని వచ్చు పురజనులే ఆయనకు పోషకులు. మన యూళ్ల స్టూడియోలకును అంతే. పెండ్లి జరిపించు పురోహితుడు, పందిరి వేయువాడు, వంటవాడు “ఆ అబ్బాయి బాగుగా తీయును” అని చెప్పు నోటిమాటయే వారికి రాజశాసనము. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత వారి విషయమున అక్షరసత్యము.

సిఫారసు వ్రాయువాడు తన పరువును పూచీగా పెట్టును. అందువలన అయోగ్యునకు వ్రాయుట తప్పు. ఆ భయముతో యోగ్యునకును వ్రాయకుండుట అంతకంటె పెద్ద తప్పు. ఇందులో మొదటి భాగమునే నేను చిరకాలము నీతిగా నెంచితిని.

ఇటీవల మా వీధి పిల్లయొకతె తాను తీసిన చిత్రములు తెచ్చి, అదే విధముగ ఒక ఉత్తరము కోరినది. చిత్రములన్నియు ఒక్కొక్కటిగా చూచితిని. పిదప కాగితము తీసికొని, “ఈమె పనిని నా కన్నులతో చూచితిని. మీరును చూడుడు. నచ్చినచో నిలుపుకొనుడు, నచ్చనిచో ఏమి కొఱతయో చెప్పి పంపుడు” అని మూడు వాక్యములు వ్రాసి సంతకము చేసితిని. ముప్పది యేండ్ల క్రిందటనే వ్రాయవలసిన చీటి అది.