మూసీ ఒడ్డున చివరి పంట

ఉప్పల్ ఊరు ఎప్పుడు పోయిందని అడిగితే మా చుట్టాల్లో తలా ఒక ఏడు చెప్తారు. క్రికెట్ స్టేడియంలో మొదటి మ్యాచ్ ఆడిన 2005 అని ఒకరంటే, మున్సిపాలిటీని జీహెచ్‌ఎంసీలో కలిపేసిన 2007 అని ఇంకొకరు. పడుచువాళ్లకు మెట్రో రైలు కదిలిన 2017 గుర్తు. నా లెక్క వేరు. భూములు పోవడానికి ఎన్నో ఏళ్ల ముందే మాకు నీళ్లు పోయాయి. ఊరికి చావు అక్కడ మొదలైంది.

మా నాయనమ్మ తల్లిగారిల్లు ఉప్పల్ భగాయత్. అమ్మమ్మది నాచారం. పొద్దున బయల్దేరితే అన్నం వేళకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచి చేరేవాళ్లు. భగాయత్ మూసీని నమ్ముకుంది, నాచారం చెరువును నమ్ముకుంది. మూసీకి అడ్డంగా కట్టిన కత్వల దగ్గర నీళ్లు కాలువల్లోకి మళ్లి తరి పొలాలకు పారేవి. ఆబి, తాబి రెండు పంటలూ వరే. నాచారంలో చెరువు తూము నీరటి చేతిలో ఉండేది. ఏ మడికి ఏ పూట నీళ్లు వదలాలో ఆయన చెప్పిందే చెల్లేది. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు ఆయన వంతు పక్కకు తీశాకే మిగతా లెక్క. మెట్ట చెలకల్లో జొన్న, కంది, ఆముదం. కూరగాయల బండ్లు తెల్లారకముందే పట్నం దారి పట్టేవి.

"మూసీల చెలిమె తోడి, బిందె నింపుకొచ్చి తాగినం బిడ్డా" అనేది నాయనమ్మ. నాకు తెలివి వచ్చేసరికి ఆ వాగు పక్కన ముక్కు మూసుకోకుండా నడవలేకపోయేవాళ్లం. ఆమె మాట అబద్ధమనుకోలేదు గానీ, నా కళ్ల ముందున్న నీళ్లూ ఆమె తాగిన నీళ్లూ ఒకటేనని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

ఇది ఎట్లా జరిగిందో తెలియాలంటే 1908 దాకా వెళ్లాలి. ఆ ఏడు సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద హైదరాబాద్‌లో వేల మందిని మింగింది. మళ్లీ అట్లాంటి గండం రాకూడదని, నగరానికి తాగునీళ్లు కావాలని, విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన రెండు జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. పట్నం బతికింది, దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. అయితే మంచినీళ్లు పైనే ఆగిపోయాక, ఎండాకాలం మూసీలో కిందికి పారేది నగరం వాడి వదిలేసిన నీళ్లే అయ్యాయి. నగరంలో జనం తక్కువగా ఉన్నన్నాళ్లు వాగు ఓర్చుకుందేమో. జనం పెరిగి, ఫ్యాక్టరీలు కూడా తోడయ్యాక కాలువ నల్లబడింది, నురగ కట్టింది. నాట్లు వేసే ఆడవాళ్ల పిక్కలకు దురదలు, పుండ్లు. వరి నల్లగా ఏపుగా ఎదిగేది. కంకి ఒత్తి చూస్తే తాలు.

నాచారం కథ ఇంకా తొందరగా ముగిసింది. చుట్టూ పారిశ్రామికవాడ లేచింది. ఎన్టీ రామారావు రామకృష్ణ స్టూడియో కట్టింది ఆ ఊళ్లోనే. 1977 సంక్రాంతికి విడుదలైన దాన వీర శూర కర్ణ అక్కడే తీశారు. ఊరి పేరు ఆ సినిమాతో దూరదూరాలకు పాకింది. అదే కాలంలో చెరువులోకి మురుగు దిగుతోంది, గుర్రపుడెక్క కమ్ముకుంటోంది. తూము తీసే పని లేక నీరటి కుటుంబం ఫ్యాక్టరీ కూలికి పోయింది.

భగాయత్ అంత తేలిగ్గా వదల్లేదు. వరి పోయిన మడుల్లో గడ్డి నాటారు. పారాగడ్డి మురికినీళ్లలో కూడా నిలిచి పెరుగుతుంది. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి, నెలకో కోత. కరువు లేదు, ఎందుకంటే నగరం మురుగు వదలని రోజు లేదు. నాయనమ్మ తమ్ముణ్ని చిన్నతాత అనేవాళ్లం. ఆయనా కౌలుకు గడ్డి మడి పట్టాడు. చీకటితోనే కొడవలి పట్టుకుని మోకాలు లోతు బురదలోకి దిగేవాడు. తెల్లారేసరికి మోపులు కట్టి ట్రాలీకి ఎక్కించాలి, నగరంలో బర్రెల కొట్టాలవాళ్లు ఎదురు చూస్తుంటారు. సెలవుల్లో నేనూ గట్టు మీద కూర్చుని మోపుకు తాడు పట్టేవాణ్ని. "వరి అలిగిందిరా, గడ్డి అలగలే" అనేవాడు. హైదరాబాద్ పొద్దున తాగిన చాయ్‌లో ఎన్ని పాలు ఆ గడ్డి తిన్న బర్రెలవో ఎవరూ లెక్క కట్టలేదు. 2000 తర్వాత అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు వచ్చి మూసీ మురుగు మీద బతికే వ్యవసాయాన్ని రాసుకున్నారు. మా ఊళ్ల సేద్యం పుస్తకాలకెక్కింది అప్పుడు, పోయే ముందు.

నాకు ఆ గడ్డి మీద ఈనాటికీ గౌరవమే. ఒక ఊరు తన నీళ్లను ఎవరో పాడు చేస్తే, ఆ పాడు నీళ్లతోనే ముప్పూటలా అన్నం సంపాదించుకుంది. అంతకంటే ఏం చేయగలదు?

2005లో ఉప్పల్ భగాయత్‌లో 700 ఎకరాలకు పైగా భూసేకరణ జరిగింది. అందులో 104 ఎకరాలు తర్వాత మెట్రో డిపోకు పోయాయి. పట్టాదారులకు ఎకరానికి 1,000 గజాల అభివృద్ధి చేసిన ప్లాటు ఇచ్చే ఒప్పందం కుదిరింది. ఎకరం అంటే 4,840 గజాలు. 2021 డిసెంబరు వేలంలో అక్కడ గజం ధర గరిష్ఠంగా లక్ష రూపాయలు దాటింది కనుక పట్టా ఉన్నవాళ్లకు డబ్బు వచ్చింది, రానీ, వాళ్ల తాతల చెమటకు అది ఎక్కువేం కాదు. కౌలుకు గడ్డి కోసినవాళ్లకు, మోపులు మోసిన ఆడవాళ్లకు ఏ కాగితంలోనూ పేరు లేదు. పేరు లేనివాళ్లకు ప్లాటూ లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఉప్పల్ నల్లచెరువు దగ్గర రోజుకు 3 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం వచ్చింది, అంబర్‌పేటలో దానికి పదింతలకు మించినది కట్టారు. మా రైతులు యాభై ఏళ్లు ఎదురు చూసిన పని అది. తీరా అయ్యేనాటికి ఆ నీళ్లు అడగడానికి అక్కడ మడులు మిగల్లేదు.

నాచారంలో మా పొలాన్ని మాత్రం ఎవరూ లాక్కోలేదు. పిన్ని పెళ్లికి కొంత, తాత వైద్యానికి కొంత అమ్ముకున్నాం. నీళ్లు లేని భూమికి అదే మంచి ధర అనిపించింది. మిగిలిన ఇంటి జాగాలో గదులు కట్టి, పారిశ్రామికవాడలో పనికి వచ్చే బీహార్, ఒడిశా పిల్లలకు కిరాయికి ఇచ్చారు. కట్ట మైసమ్మకు బోనం ఇప్పటికీ పోతోంది.

చిన్నతాత గడ్డిని వదల్లేదు. భగాయత్ పోయాక మూసీ వెంబడి కిందికి, పర్వతాపూర్ దగ్గర మడి పట్టాడు. అక్కడా ఇళ్లు లేచాక ఇంకా కిందికి జరిగాడు. ఇప్పుడాయన లేడు. ఆయన కొడుకు ప్రతాపసింగారంలో కౌలుకు గడ్డి కోస్తున్నాడు. మొన్న కలిస్తే పక్క మడిలో హద్దురాళ్లు పాతారని చెప్పాడు. ఈ ఏడుకు పట్టాదారు ఒప్పుకున్నాడట, వచ్చే ఏడు సంగతి ఉగాది తర్వాత అడగాలట.